పాత చిప్పుల్లోని ప్రోగ్రామును పదిలంగా బయటకు తీయడం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే దిగులు. యంత్రం బాగానే ఉంది, దాన్ని నడిపే ప్రోగ్రాము మాత్రం ఒకే ఒక్క పాత చిప్పులో ఉంది. దాని కాపీ ఇంకెక్కడా లేదు. చిప్పు పోతే బోర్డంతా బాగున్నా ఉపయోగం ఉండదు. కాబట్టి రిపేరు కంటే ముందు కాపీ తీయాలి. అది తీసేదాకా ఆ చిప్పు మీద రాయడం, చెరపడం, వేడి తగిలించడం ఏదీ వద్దు.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఎనిమిది 8085 మైక్రోప్రాసెసర్ ట్రైనర్ కిట్లు ఉన్నాయి. ఒక్కటే పనిచేస్తోంది. దాని మానిటర్ ప్రోగ్రాము (కిట్‌ను నడిపే మూల ప్రోగ్రాము) 2732 ఈప్రామ్‌లో, అంటే అతినీలలోహిత కాంతితో చెరిపే మెమరీ చిప్పులో, ఉంది. మా దగ్గరున్న యూఎస్‌బీ ప్రోగ్రామర్ (చిప్పులు చదివే, రాసే పరికరం) జాబితాలో 2764 నుంచి మాత్రమే ఉన్నాయి. కాపీ తీయడం ఎలా?
– పాలిటెక్నిక్ ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ

జవాబు: 2764 ఎంచుకునే 2732ను చదవొచ్చు, ఒక చిన్న అడాప్టర్ చేసుకోవాలి. అయితే చిప్పు పీకకముందే ఒక పని చేయండి. కిట్ ఆన్‌లో ఉండగా మెమరీ చూసే కీతో 0000 నుంచి మొదటి 32 బైట్లు, మధ్యలో ఎక్కడైనా ఇంకో 16 బైట్లు కాగితం మీద రాసుకోండి. రేపు ఫైలు వచ్చాక అది సరైనదో కాదో చెప్పే సాక్ష్యం ఆ కాగితమే.

తర్వాత చిప్పు మీద ముద్రించిన నంబరు సరిగ్గా చదవండి. టీఎమ్‌ఎస్2532 కూడా 4 కిలోబైట్లదే, దానికీ 24 కాళ్లే, కానీ కాళ్ల అమరిక వేరు. 2732లో ఏ11 అడ్రసు లైను 21వ కాలికి వస్తే, 2532లో 18వ కాలికి వస్తుంది. 2708, టీఎమ్‌ఎస్2716 అని ఉంటే అసలు ఈ అడాప్టర్ జోలికి వెళ్లకండి. వాటికి +5, –5, +12 అని మూడు సరఫరాలు కావాలి. మామూలు 2716కు మాత్రం చదవడానికి 5 వోల్టులు ఒక్కటే చాలు.

చిప్పు తీసేటప్పుడు సన్నని స్క్రూడ్రైవర్‌ను ఒక కొస కింద దూర్చి ఒక మిల్లీమీటరు లేపండి, ఆపైన రెండో కొస. అలా మార్చి మార్చి లేపితే కాళ్లు వంగవు. ఒకే వైపు నుంచి పైకి ఎత్తేస్తే ఆఖరి కాళ్లు విరుగుతాయి. వెండి పూత ఉన్న కాళ్లు నల్లబడి ఉంటాయి, అది సల్ఫైడు. పెన్సిల్ రబ్బరుతో పైనుంచి కిందికి మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తుప్పు తిని సన్నబడిన కాళ్లయితే చిప్పును ఒక టర్న్‌డ్ పిన్ సాకెట్‌లో ఒక్కసారి గుచ్చి, ఇక ఎప్పుడూ ఆ సాకెట్‌తో సహానే తీయడం, పెట్టడం చేయండి.

అడాప్టర్‌కు 28 కాళ్ల టర్న్‌డ్ పిన్ సాకెట్ ఒకటి, 24 కాళ్లది ఒకటి, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి కావాలి. చిన్న సాకెట్‌ను పెద్దదాని మీద కింది అంచులు కలిసేలా పెట్టండి. అంటే చిన్నదాని 12వ కాలు పెద్దదాని 14 మీదికి రావాలి. చిన్నదాని 24వ కాలును మాత్రం బయటికి వంచి, కింది సాకెట్ 26కు తగలకుండా, తీగతో 28కి కలపండి. ఆ వంచిన కాలికి, 12వ కాలికి మధ్య కెపాసిటర్ టంకం వేయండి. పాత ఎన్‌మాస్ చిప్పులు కరెంటు బాగా లాగుతాయి, అది లేకపోతే సరఫరా కుదుపుకు తప్పు బైట్లు వస్తాయి. మిగతా లైన్లన్నీ వాటంతట అవే సరిపోతాయి. 2716 చదవాలంటే 21వ కాలును కూడా అలాగే వంచి 5 వోల్టులకు కలపాలి, ఎందుకంటే దానిలో అది వీపీపీ, అంటే రాత వోల్టేజీ, కాలు.

ఇక ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్‌లో చిప్పు గుర్తింపు, అంటే ఐడీ తనిఖీ, తప్పనిసరిగా ఆపేయండి. ఆ తనిఖీ కోసం చాలా ప్రోగ్రామర్లు ఏ9 లైను మీద 12 వోల్టుల చుట్టుపక్కల వోల్టేజీ పెడతాయి. ఈ సౌకర్యం రాకముందు తయారైన చిప్పులు అంత వోల్టేజీని తట్టుకుంటాయన్న హామీ లేదు.

ఇప్పుడు 8192 బైట్లూ చదవండి. 2764కున్న ఏ12 లైను మన అడాప్టర్‌లో దేనికీ తగలదు. కాబట్టి మొదటి 4096 బైట్లు, తర్వాతి 4096 బైట్లు అచ్చంగా ఒకటే రావాలి. ఒక్క బైటు తేడా ఉన్నా ఎక్కడో కాంటాక్టు సరిగా లేదన్నమాట. చిప్పు తీసి మళ్లీ పెట్టి మూడుసార్లు చదవండి. మూడు ఫైళ్ల సీఆర్‌సీ32 (ఫైలంతటినీ బట్టి లెక్కకట్టే సరిచూపు సంఖ్య) ఒకటే అయితే నమ్మొచ్చు. అన్నీ ఎఫ్‌ఎఫ్ (హెక్స్ లెక్కలో, ఎనిమిది బిట్లూ 1) వస్తే చిప్పు ఖాళీ అనుకుని నిరాశపడకండి. సరఫరా అందకపోయినా, ఓఈ (అవుట్‌పుట్‌ను తెరిచే) కాలు తగలకపోయినా అలాగే వస్తుంది. ఖాళీ 2732లోని 4096 బైట్లూ కూడితే వచ్చే 16 బిట్ల చెక్‌సమ్ ఎఫ్000. ఆ సంఖ్య కనిపిస్తే ముందు అడాప్టర్ చూడండి.

లోపలి సరుకు ప్రోగ్రామే అని తేల్చుకోవడానికి 8085 ఆనవాళ్లున్నాయి. 0000 దగ్గర సాధారణంగా సి3 (జంప్), 31 (స్టాక్ పాయింటర్), 3ఈ, ఎఫ్3లలో ఒకటి ఉంటుంది. 0008, 0010 మొదలు 0038 దాకా ఎనిమిదేసి బైట్లకు ఒకటి చొప్పున, ఇంకా 0024, 002సి, 0034, 003సి దగ్గర అంతరాయాల (ఇంటరప్టుల) ద్వారాలుంటాయి. అక్కడ సి3 కనిపిస్తే దాని వెంటనున్న రెండు బైట్లను తిరగేసి చదవండి. ఆ అడ్రసు మీ కిట్‌లోని రోమ్‌లోనో ర్యామ్‌లోనో పడాలి. సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే ఉన్న కిట్‌లయితే 3ఎఫ్ 06 5బి 4ఎఫ్ 66 6డి 7డి 07 వరుస కోసం వెతకండి. అవి 0 నుంచి 7 దాకా అంకెల ఆకారాలు. బోర్డులో సెగ్మెంట్ల వైరింగు వేరుగా ఉంటే ఈ విలువలు మారతాయి.

మిగతా ఏడు కిట్లకు కాపీ వేయడానికి కొత్త 2732 కోసం వెతక్కండి. 2732కు రాత వోల్టేజీ 25, 2732ఏకు 21. ఆ ఒక్క అక్షరం చూడకుండా 25 పెడితే 2732ఏ చిప్పు కాలిపోతుంది. 27సి64 తీసుకోండి, ఫైలులోని మొదటి 4096 బైట్లు దాని మొదటి సగంలో రాయండి. 28 కాళ్ల సాకెట్‌లో 1, 26, 27, 28 కలిపేసి, 2ను 14కు కలిపి, కింది 24 కాళ్లు కిట్ సాకెట్‌లోకి దిగేలా పెట్టండి. పై నాలుగు కాళ్లు గాలిలో ఉంటాయి. 2716 సాకెట్ అయితే పని ఇంకా సులువు, 28సి16 నేరుగా కూర్చుంటుంది.

కాపీ తీయడం తప్పా అని కూడా అడిగారు. మన కాపీరైట్ చట్టం 52(1)(ఏఏ) ప్రకారం, ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా కలిగి ఉన్నవారు నష్టం నుంచి రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చు, ఆ ప్రోగ్రామును ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడుకోవాలి.

ప్రశ్న: రైసు మిల్లు వేబ్రిడ్జి ఇండికేటర్‌లో 27సి256 ఉంది. ఈ మధ్య ఉన్నట్టుండి ఆగిపోతోంది. చిప్పు తీసి మూడుసార్లు చదివితే మూడు చెక్‌సమ్‌లు వచ్చాయి. చిప్పు పోయినట్టేనా?
– ఎలక్ట్రానిక్స్ మెకానిక్, మిర్యాలగూడ

జవాబు: పూర్తిగా పోలేదు, పోతోంది. ఇప్పుడు తొందరపడితే చాలావరకు రాబట్టవచ్చు.

ఈప్రామ్ గడిలో చుట్టూ ఇన్సులేషన్ ఉన్న ఒక గేటు ఉంటుంది. దానిలో ఎలక్ట్రాన్లు నింపితే ఆ గడి 0, ఖాళీగా ఉంటే 1. చదివేటప్పుడు గడికి దాదాపు సరఫరా వోల్టేజీయే ఇస్తారు. నిండిన గడి దానికి తెరుచుకోదు, ఖాళీ గడి తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి చార్జి కారిపోతే నిండిన గడి 5 వోల్టుల దగ్గర తెరుచుకోవాలా వద్దా అన్న అంచుకు వస్తుంది. ఒకసారి 0, ఇంకోసారి 1 చదువుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ జబ్బు ఒకే దిక్కున నడుస్తుంది: 0 కాస్తా 1 అవుతుంది. 1 అయినది దానంతట అది 0 కాదు.

అందుకే ముందు రోగం ఏదో తేల్చండి. కాళ్లు శుభ్రం చేసి, సరఫరా 5.0 వోల్టుల దగ్గర ఐదుసార్లు, 5.5 దగ్గర ఐదుసార్లు చదివి ప్రతిదీ వేరే ఫైలుగా దాచండి. 5.5 దగ్గర 1లు పెరిగితే చార్జి కారుతున్నట్టు. తేడాలు రెండు దిక్కులా ఉంటే, లేదా ప్రతి తప్పూ ఒకే బిట్‌లో ఉంటే, అది చిప్పు జబ్బు కాదు. లూజ్ కాంటాక్టో, సరఫరా లోపమో అయి ఉంటుంది.

చార్జి కారడమే అయితే వోల్టేజీ తగ్గిస్తూ పోండి: 4.75, 4.5, 4.25, 4.0. గడికి అందే వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి బలహీనపడిన గడులు కూడా మూసుకునే ఉండి మళ్లీ 0గా కనిపిస్తాయి. ఒకచోట వరుసగా పది రీడింగులు ఒకటే వస్తాయి, అదే మీకు కావలసిన ఫైలు. 4 కంటే దిగువకు పోతే చిప్పు అవుట్‌పుట్లే నమ్మకంగా ఉండవు. ప్రోగ్రామర్‌లో సరఫరా మార్చే వీలు లేకపోతే, చిప్పు 28వ కాలికి వెళ్లే తీగలో 1ఎన్4007 డయోడు ఒకటి పెట్టండి. 0.6 నుంచి 0.7 వోల్టుల దాకా పడిపోతుంది.

అప్పటికీ స్థిరపడని బైట్లు కొన్ని మిగిలితే, అన్ని రీడింగులనూ బిట్ బిట్‌గా ఆండ్ చేయండి, అంటే ఏ ఒక్క రీడింగులో 0 ఉన్నా ఆ బిట్‌ను 0గా తీసుకోండి. ఒక రీడింగులో 3ఈ, ఇంకోదానిలో 7ఈ వచ్చిందనుకోండి. తేడా ఆరో బిట్‌లో (0 నుంచి లెక్కపెట్టి) ఉంది, ఆండ్ చేస్తే 3ఈ మిగులుతుంది. 0 ఒక్కసారి కనిపించినా అక్కడ ఒకప్పుడు చార్జి ఉందనే అర్థం. అయితే కాంటాక్టు లోపం ఉందేమోనన్న అనుమానం తీరకముందు ఈ పద్ధతి వాడితే, గాలిలో వచ్చిన ప్రతి తప్పు 0 ఫైల్లో శాశ్వతంగా కూర్చుంటుంది. మొదట కాంటాక్టు సంగతి తేల్చుకోమన్నది ఇందుకే.

స్టిక్కరు మీద నాలుగు అక్షరాల హెక్స్ సంఖ్య ఉంటే అది తయారీదారు రాసిన చెక్‌సమ్ కావొచ్చు. ఫైల్లోని బైట్లన్నీ కూడి చివరి 16 బిట్లు పోల్చండి. సరిపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. తూకపు యంత్రం లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) శాఖ ముద్ర కిందకు వస్తుంది. సీలు విప్పే రిపేరు లైసెన్సున్న రిపేరరే చేయాలి, తర్వాత మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించాలి.

ప్రశ్న: ఈప్రామ్ మీది స్టిక్కరు ఊడిపోయింది. గాజు కిటికీ కనిపిస్తోంది. ఫొటో తీస్తే డేటా పోతుందా?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: పోదు. ఫ్లాష్ వెలుగు చెరపడానికి చాలదు. కానీ బోర్డు ఆన్‌లో ఉండగా ఫ్లాష్ కొడితే సిలికాన్‌లో క్షణంపాటు కరెంటు పుట్టి యంత్రం తికమకపడొచ్చు, కాబట్టి ఆఫ్ చేసి తీయండి. చెరిపేది 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, దాన్ని లోపలికి రానివ్వడానికే ఆ కిటికీ క్వార్ట్జ్‌తో చేస్తారు. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ తెచ్చిన 1702 చిప్పు నుంచీ ఇదే పద్ధతి. 2716 డేటాషీటు లెక్క ప్రకారం గదిలోని ట్యూబ్‌లైటు కింద నిరంతరం ఉంటే సుమారు 3 ఏళ్లకు, నేరు ఎండలో సుమారు వారానికి చెరిగిపోతుంది. వెలుగు చొరబడని నల్ల టేపు ముక్క వేయండి. పాత స్టిక్కరు దొరికితే పారేయకండి, దాని మీది వెర్షన్ నంబరు ఫైలు పేరులో చేర్చండి.

ప్రశ్న: 8086 కిట్‌లోని రెండు 2764లు చదివాను. రెండు ఫైళ్లలోనూ మాటలు సగం సగమే కనిపిస్తున్నాయి. చిప్పులు చెడ్డాయా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: చెడలేదు. 8086 ఒకేసారి 16 బిట్లు తీసుకుంటుంది, సరి అడ్రసు బైట్లు ఒక చిప్పులో, బేసివి రెండో చిప్పులో ఉంటాయి. మొదటి ఫైలు నుంచి ఒకటి, రెండో ఫైలు నుంచి ఒకటి చొప్పున అల్లితే 16 కిలోబైట్ల అసలు ఫైలు వస్తుంది. ఏది సరి, ఏది బేసి? రీసెట్ తర్వాత ప్రాసెసర్ ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్0 దగ్గర మొదలుపెడుతుంది, అక్కడ దాదాపు ఎప్పుడూ ఈఏ, అంటే దూరపు జంప్, ఉంటుంది. మీ 2764లలో దేని 1ఎఫ్‌ఎఫ్8 స్థానంలో ఈఏ ఉందో అది సరి చిప్పు. అల్లిన ఫైల్లో అది 3ఎఫ్‌ఎఫ్0 దగ్గరికి వస్తుంది.

ప్రశ్న: ఇక్కడ పాత బీబీసీ మైక్రో కంప్యూటరు కొన్నాను. చిన్నప్పుడు మా స్కూల్లో ఉండేది అదే. దానిలో గుర్తు తెలియని రోమ్‌లు రెండున్నాయి. చిప్పులు పీకకుండా చదవొచ్చా?
– తెలుగు పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: 1984లో మొదలైన క్లాస్ అనే బడి కంప్యూటర్ల పథకంలో మన బడులకు వచ్చింది బీబీసీ మైక్రోలే. అవి చూసిన తరం ఇప్పుడు వాటిని కాపాడుకోవాలనుకోవడం మాకు చాలా సంతోషం.

పక్క రోమ్‌లను (అదనపు ప్రోగ్రాముల చిప్పులను) పీకకుండానే చదవొచ్చు. అవన్నీ 8000 నుంచి బిఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా ఒకే చోట, ఒకసారికి ఒకటి చొప్పున కనిపిస్తాయి. ఎఫ్‌ఎఫ్‌బి9 దగ్గర వాటిని చదివే రొటీను ఉంది. అడ్రసును ఎఫ్6, ఎఫ్7 స్థానాల్లో పెట్టి, రోమ్ నంబరు వై రిజిస్టర్‌లో ఇచ్చి పిలిస్తే, ఆ బైటు 'ఏ' అనే రిజిస్టర్‌లో (అక్యుములేటర్‌లో) వస్తుంది. బేసిక్ నుంచి యూఎస్‌ఆర్‌తో పిలిచి, ఫలితంలో కింది 8 బిట్లు తీసుకోండి. మోడ్ 7లో ఉండి 3000 అడ్రసు నుంచి 16384 బైట్లు నింపి, డిస్కుకు సేవ్ చేయండి.

ఫైలు సరైనదా అన్నది తేల్చడం సులువు. ఆరంభం నుంచి ఏడో స్థానంలోని బైటు (0 నుంచి లెక్కపెట్టి) కాపీరైటు మాట ఎక్కడుందో చెబుతుంది. అక్కడికి వెళ్తే ఒక సున్నా బైటు, దాని వెంటే బ్రాకెట్లలో సి అక్షరం ఉండాలి. తొమ్మిదో స్థానం నుంచి రోమ్ పేరు చదవొచ్చు. గుర్తు తెలియని రోమ్ ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్‌కు మాత్రం ఈ దారి పనికిరాదు. ఎఫ్‌సి00 నుంచి ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్ దాకా 768 బైట్ల మీద ఇన్‌పుట్ అవుట్‌పుట్ పరికరాలు కూర్చుంటాయి, కింద రోమ్‌లో ఏముందో ప్రాసెసర్‌కు కనిపించదు. 1.20 వెర్షన్‌లో ఆ చాటున యంత్రం తయారీలో పాలుపంచుకున్నవారికి కృతజ్ఞతలు రాసి ఉన్నాయి. అవి కావాలంటే చిప్పును పీకి ప్రోగ్రామర్‌లో పెట్టాల్సిందే.

ప్రశ్న: పాత కలర్ టీవీలో సెట్టింగులు దాచే 24సి08 మెమరీ చిప్పు ఉంది. క్లిప్ తగిలించి బోర్డు మీదే చదివితే అన్నీ ఎఫ్‌ఎఫ్ వస్తున్నాయి.
– టీవీ మెకానిక్, కరీంనగర్

జవాబు: ముందు ప్రాణం సంగతి. పిక్చర్ ట్యూబు సెట్లలో చాసిస్ మెయిన్స్‌తో కలిసి ఉండొచ్చు. ప్లగ్గు పీకకుండా ల్యాప్‌టాప్‌కు కలిపిన క్లిప్ తగిలించకండి. పీకాక కూడా పవర్ సప్లై పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, దాన్ని రెసిస్టరుతో ఖాళీ చేయండి.

ఎఫ్‌ఎఫ్ రావడానికి కారణం, క్లిప్ ఇచ్చే 5 వోల్టులు బోర్డంతా పాకడం. సరఫరా కుంగుతుంది, లేదా సగం మేలుకున్న మైక్రోకంట్రోలర్ 5, 6 కాళ్ల లైన్లను పట్టుకుంటుంది. ఎనిమిది కాళ్ల చిప్పే కాబట్టి ఊడదీసి చదవడం మంచిది. ప్రతి కాలికీ కొత్త 60/40 టంకం కొంచెం కలిపి, తర్వాత సక్కర్‌తో లాగితే ట్రాకు లేవదు. చదివేటప్పుడు 7వ కాలును 5 వోల్టులకు కలపండి, చాలా కంపెనీల చిప్పుల్లో దానితో రాత ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో 'ఆటో' అనే మీట నొక్కకండి, అది చెరిపి రాసే పని. ఫైలు 1024 బైట్లు ఉండాలి.

ప్రశ్న: యమహా డీఎక్స్7 కీబోర్డులో బ్యాటరీ మార్చాలి. దానిలో మేము ఏళ్లుగా చేసుకున్న సౌండ్లు ఉన్నాయి. చిప్పు నుంచి డేటా ఎలా తీయాలి?
– కీబోర్డు వాద్యకారుడు, విజయవాడ

జవాబు: చిప్పు జోలికి వెళ్లొద్దు. 1983లో వచ్చిన ఈ కీబోర్డులో మీ 32 సౌండ్లూ ర్యామ్‌లో ఉన్నాయి, వాటిని పట్టి ఉంచేది 3 వోల్టుల లిథియం సెల్లు ఒక్కటే. చిప్పు పీకినా, సెల్లు తీసినా ఆ క్షణంలోనే పోతాయి. మిడి (వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే కేబుల్ పద్ధతి) దారిలో బయటికి తీయండి.

కీబోర్డు మిడి అవుట్‌ను కంప్యూటర్‌కు కలిపి, సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ (కంపెనీ సొంత డేటా) సందేశాలు అందుకునే సాఫ్ట్‌వేర్ తెరవండి. ఫంక్షన్ మీట నొక్కి, 8వ మీట పదే పదే నొక్కుతూ పోతే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ గురించిన తెర వస్తుంది, దాన్ని 'అవైలబుల్' చేయండి. మళ్లీ 8 నొక్కితే పంపాలా అని అడుగుతుంది, ఎస్ నొక్కండి. సెకనున్నరలోపే అయిపోతుంది.

వచ్చిన ఫైలు సరిగ్గా 4104 బైట్లుండాలి: ముందు 6, డేటా 4096, చెక్‌సమ్ 1, ముగింపు 1. ఎఫ్0 43తో మొదలై ఎఫ్7తో ముగియాలి. పొడవు తక్కువైతే ఇంటర్‌ఫేస్ మధ్యలో బైట్లు జారవిడిచింది, చౌక యూఎస్‌బీ మిడి కేబుళ్లలో ఇది తరచూ జరుగుతుంది. వేరేది పెట్టి మళ్లీ తీయండి. రెండుసార్లు తీసి పోల్చాకే పైమూత విప్పండి. సెల్లు టంకం వేసి ఉంటుంది. కొత్తది ట్యాబులున్న సీఆర్2032 తెచ్చుకోండి, లేదా హోల్డర్ వేయండి. సెల్లు మీద నేరుగా టంకం వేడి పెడితే పగిలిపోవచ్చు. తిరిగి ఎక్కించేటప్పుడు మెమరీ ప్రొటెక్ట్‌ను ఇంటర్నల్‌కు ఆఫ్ చేసి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ మళ్లీ 'అవైలబుల్'లో ఉంచి, ఆ తర్వాతే కంప్యూటర్ నుంచి ఫైలు పంపండి.